జపాన్ ఊళ్ల జెండాలు నిజంగా అంత గొప్పవా, లేక లోగో అతికించిన గుడ్డలా?

నగోయా_నాని

వేరే థ్రెడ్‌లో ఒకాయన "జెండా దేశానికి ఉంటుంది, ఊరికి జెండా ఏంటి కామెడీ కాకపోతే" అన్నాడు. అక్కడ రాస్తే టాపిక్ పక్కదారి పడుతుందని ఇక్కడ పెడుతున్నా. జపాన్‌లో ఊరూరికీ జెండా ఉంటుంది. సిటీలు, టౌన్లు, విలేజీలు కలిపి 1,700 పైచిలుకు, వాటి మీద మన రాష్ట్రాల్లాంటి ప్రిఫెక్చర్లు 47, వాటికీ ఉన్నాయి. మామూలుగా మునిసిపల్ ఆఫీసు ముందుకెళ్తే మూడు స్తంభాలు కనిపిస్తాయి, దేశానిదొకటి, ప్రిఫెక్చర్‌దొకటి, ఊరిదొకటి.

నేనుండే నగోయా జెండా చూడండి. ఒక గుండ్రం, లోపల ఎనిమిది అని రాసే కాంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరం), అంతే. మారుహచి అంటారు, 1907 నుంచి అదే, అంతకుముందు ఇక్కడి ఒవారి తొకుగావా వంశం వాళ్లు వాడుకున్న గుర్తు. ఒసాకాది పడవలకి లోతు ఎక్కడుందో చూపించడానికి నీళ్లలో పాతే గుంజ, మియోత్సుకుషి, 1894లో పెట్టుకున్నారు. హిరోషిమాది మూడు అలల గీతలు, 1896. ఇప్పుడున్న పెద్ద కంపెనీల లోగోలు వాటి ముందు దిగదుడుపే. ఊళ్ల జెండాల్లో ప్రపంచంలో వీళ్లే నంబర్ వన్ అని నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

చాయ్_బిస్కెట్

మా వీధికి డ్రైనేజీ లేదు సార్, మీరు జెండా దాకా వెళ్లిపోయారు

పిక్సెల్_పంతులు

కాదనేవాణ్ణి వచ్చా. పదిహేనేళ్లుగా డిజైన్ మీదే బతుకుతున్నా కాబట్టి నా మాట కొంచెం వినండి.

జెండా వేరు, ముద్ర వేరు. జెండా గాలిలో మడతలు పడుతుంది, తిరగబడుతుంది, దూరం నుంచి చూస్తాం. అందుకే ఉత్తర అమెరికాలో జెండాల మీద పనిచేసే సంఘం వాళ్లు ఐదు నియమాలు చెప్తారు. చిన్నపిల్లాడు చూడకుండా గీయగలిగేంత సింపుల్‌గా ఉండాలి, గుర్తుకి అర్థం ఉండాలి, రెండు మూడు రంగులే వాడాలి, అక్షరాలూ రాజముద్రలూ ఉండకూడదు, ఇంకోదానిలా ఉండకూడదు. 2004లో వాళ్లే 150 అమెరికా సిటీల జెండాలకి సర్వే పెడితే వాషింగ్టన్ డీసీ మొదటొచ్చింది, ఐడహోలో పోకటెల్లో అనే ఊరు ఆఖర్న వచ్చింది. ఎందుకంటే దాని మీద నినాదం, ఊరి పేరు, ట్రేడ్‌మార్క్ గుర్తు కూడా ఉన్నాయి. 2017లో మార్చుకున్నారు పాపం.

ఇప్పుడు జపాన్ చూడండి. యోకొహామాది "హా", "మా" అనే రెండు కటకానా అక్షరాలు, 1909. నాహాది "నా", "హా" కలిపి చేసిన గుండ్రం. కవసాకిది నది అనే కాంజీ. చిబా ప్రిఫెక్చర్‌ది "చి", "హా". మొత్తం అక్షరాలే. మన బస్టాండ్ మీద "వి.జ.వా" అని గుండ్రంగా రాసి జెండా అంటే ఒప్పుకుంటారా? ఒకే రంగు గుడ్డ, మధ్యలో తెల్ల ముద్ర, వరసగా 1,700 అవే. దీన్ని డిజైన్ అనరు, లెటర్‌హెడ్ అంటారు.

సత్తిబాబు_కాకినాడ

లెటర్‌హెడ్ హహహ

నగోయా_నాని

పంతులు గారూ, ఆ ఐదు నియమాలు అమెరికావాళ్లు అమెరికా జెండాలు చూసి రాసుకున్నవి. వాళ్ల సిటీల జెండాల్లో అక్షరం అంటే ఊరి పేరు అచ్చక్షరాల్లో రాసెయ్యడం. ఇక్కడ అలా కాదు. ఫుకువోకా జెండా గూగుల్ చేసి చూడండి, "ఫు" అనే అక్షరం తొమ్మిది సార్లు గుండ్రంగా పేర్చారు, తొమ్మిదిని వీళ్లు "కు" అంటారు, ఫు తొమ్మిది ఉంటే "ఫుకు" అయిపోయింది. 1909లోనే ఇంత తెలివి. చూస్తే పువ్వులా ఉంటుంది గానీ అక్షరంలా ఉండదు. కోబే కూడా అంతే, పాత స్పెల్లింగ్‌లో "కా" అక్షరం, కానీ కనిపించేది రెండు రేవులు ఒకదాన్నొకటి కోసుకుంటున్నట్టు. వీళ్లకి ఇళ్ల గుర్తులు కమోన్ అని వందల ఏళ్ల నుంచి ఉన్నాయి, ఒకే రంగు, ఒకే గీత, దూరం నుంచి యుద్ధంలోనూ గుర్తుపట్టేలా ఉంటాయి. ఊళ్ల జెండాలకి తల్లి అదే. మీ పిల్లాడి టెస్ట్‌కి వీటికంటే బాగా పాసయ్యేవి ఏమున్నాయి? నగోయా జెండా గుండ్రం, రెండు గీతలు. మా పాప కళ్లు మూసుకుని గీస్తుంది.

మీరు చూడకుండానే తీసిపారేస్తున్నారు, అదే నా బాధ.

పిక్సెల్_పంతులు

చూడకుండా ఏంటి బ్రో. చూశాకే అంటున్నా. ఫుకువోకాది పజిల్, బాగుంది, పజిల్‌కి మార్కులేస్తా. కానీ చదవగలిగేవాడికే అర్థమయ్యే జెండా సగం జెండా. నాకు అక్షరం మీద పగ ఎందుకో చెప్తా. ఒక మునిసిపాలిటీ (పేరు అనవసరం) పరిశుభ్రత ప్రచారానికి గుర్తు కావాలని పోటీ పెట్టింది, నేను ఒక ఆకు, ఒక నీటిచుక్కతో ఇచ్చా, సెలెక్ట్ అయింది. తర్వాత ఆఫీసర్ గారు "పేరు ఎక్కడ?" అన్నారు. కింద పెట్టా. "ఇంగ్లీషులో కూడా పెట్టు" అన్నారు. పెట్టా. "ఉర్దూలో". ఆ తర్వాత "మన చైర్మన్ గారి ఫొటో చిన్నది పక్కన". చివరికి ఆకు శనగబద్దంత అయిపోయింది. డబ్బులూ రాలేదు. అప్పట్నుంచి అక్షరం ఉన్న గుర్తు కనిపిస్తే ఒళ్లు మండుతుంది.

టోక్యో సంగతి మర్చిపోయావు. ఆకుపచ్చ జింకో చెట్టు ఆకులా ఉంటుందే, 1989లో పెట్టుకున్నది, అందులో దాక్కున్నది ఇంగ్లీషు "టీ" అక్షరం. జపాన్ రాజధానికి ఇంగ్లీషు అక్షరం! కమోన్ సంప్రదాయం ఎక్కడికి పోయింది అప్పుడు?

లక్ష్మి_టోక్యో

ఇద్దరూ సగం సగం చెప్తున్నారండీ. టోక్యోకి రెండు ఉన్నాయి. ఆరు కిరణాల సూర్యుడి గుర్తు 1889 నాటిది, దాన్ని ఊదారంగు గుడ్డ మీద పెట్టి అధికారికంగా జెండా చేసింది 1964 అక్టోబర్‌లో, ఒలింపిక్స్ నెల. 1989లో వచ్చిన ఆకుపచ్చది రెండోది. పాతది రద్దు కాలేదు, రెండూ నడుస్తున్నాయి. బస్సుల మీదా కరపత్రాల మీదా మీకు కనిపించేది కొత్తదే.

ఇంకోటి, ఊరి గుర్తు ఎలా ఉండాలో చెప్పే దేశవ్యాప్త చట్టం ఏదీ లేదండీ. జాతీయ జెండాకే 1999 దాకా ప్రత్యేక చట్టం లేదు. ఏ ఊరి కౌన్సిల్ ఆ ఊరికి తేల్చుకుంటుంది. అందుకే 1900 నాటివి ఒక రకంగా, 2005 నాటివి ఒక రకంగా ఉంటాయి. కొత్తవాటిలో ఎక్కువ భాగం నాకూ నచ్చవు. ఇంగ్లీషు మొదటి అక్షరం మెలికలు తిప్పి, పచ్చ అంటే ప్రకృతి, నీలం అంటే నీళ్లు, ఎరుపు అంటే ఉత్సాహం అని కింద వివరణ రాస్తారు. ఏ ఊరికైనా సరిపోతుంది ఆ వివరణ. సైతామా సిటీ 2001లో మూడు సిటీలు కలిస్తే పుట్టింది, దానిది "ఎస్" ఆకారం. కలిసిన ఉరావా, ఒమియా, యోనో మూడింటిలో ఏదీ ఆ గుర్తులో లేదు.

పిక్సెల్_పంతులు

మేడమ్ నా పాయింటే చెప్పారు, థ్యాంక్స్

లక్ష్మి_టోక్యో

మీ పాయింట్ కాదండీ అది

బెర్లిన్_భామ

ఇంత మాట్లాడుతున్నారు, హిరోసాకి సంగతి ఎవరూ ఎత్తలేదే? అవోమొరిలో ఒక సిటీ, చెర్రీ పూలకీ యాపిళ్లకీ ఫేమస్. దాని జెండా మీద స్వస్తిక్ ఉంటుంది. వీళ్లు మాంజి అంటారు, 1900 నుంచి ఉంది. నేను మా ఆఫీసు గ్రూప్‌లో ట్రిప్ ఫొటోలు పెట్టా, వెనకాల ఆ జెండా ఉంది, ఇద్దరు జర్మన్ కొలీగ్స్ మాట్లాడ్డం తగ్గించారు. మన గడప మీద వేసేది వాళ్లకి చెప్పి చెప్పి అలసిపోయా. టూరిస్టులు ఇంతమంది వస్తున్నప్పుడు జెండా మీదైనా మార్చుకోవచ్చు కదా, గుడిలో ఉంచుకోండి, ఎవరొద్దన్నారు?

నగోయా_నాని

ఎందుకు మార్చాలి? నాజీలు పుట్టకముందే పెట్టుకున్నారు. హిరోసాకిది ఎడమవైపు తిరిగిన మాంజి, నిటారుగా ఉంటుంది. 2016లో ఇక్కడి మ్యాపుల శాఖ, విదేశీయుల కోసం వేసే మ్యాపుల్లో గుడి గుర్తుగా ఉన్న మాంజి తీసేసి మూడంతస్తుల పగోడా బొమ్మ పెడదాం అని ప్రతిపాదిస్తే ఎంత గొడవైందో తెలుసా, వెనక్కి తగ్గారు. ఎవడో చేసిన పాపానికి వీళ్లెందుకు తలొంచాలి.

సత్తిబాబు_కాకినాడ

నాని కరెక్ట్. మన స్వస్తిక్ మన ఇష్టం

బెర్లిన్_భామ

"మన" ఎక్కడ్నుంచి వచ్చింది సత్తిబాబు గారూ, అది హిరోసాకి వాళ్లది. వాళ్లు ఇంటర్నేషనల్ టూరిజం కావాలంటున్నారు, నేను దాని గురించే అడుగుతున్నా.

లక్ష్మి_టోక్యో

ఒక చిన్న వివరం. హిరోసాకి మాంజి గుడి నుంచి నేరుగా రాలేదండీ. ఆ ఊరిని ఏలిన త్సుగారు వంశం వాళ్ల యుద్ధ పతాకం మీది గుర్తు అది. వాళ్ల ఇంటి గుర్తు వేరు, పియోనీ పువ్వు. ఊరు తీసుకున్నది పతాకం మీది గుర్తు.

ఊరోడు_72

ఇప్పటిదాంక సప్పుడు చెయ్యకుంట చదువుతున్న. లక్ష్మి మేడమ్ ఇప్పుడు చెప్పింది ఎవ్వరు పట్టించుకుంటలేరు. నాకు సమజైంది ఏందంటే నగోయా జెండా తొకుగావా దొరలది, హిరోసాకి జెండా త్సుగారు దొరలది. మిగిలినయి గూడ గంతేనా?

లక్ష్మి_టోక్యో

చాలా వరకు అంతేనండీ. హిరోషిమా మూడు గీతలకి మూలం అసానో వంశం మూడు పట్టీల గుర్తు, దాన్ని నది అలల్లా వంచారు. సెందాయ్‌ది దాతే వంశం వాళ్ల మూడు నిలువు పట్టీల నుంచి. చిబా సిటీది చిబా వంశం చంద్రుడు-నక్షత్రం. కోటలున్న ఊళ్లలో ఇది మామూలు. రేవు ఊళ్లు వేరు, యోకొహామా, ఒసాకా, కోబే లాంటివి.

ఊరోడు_72

అదే అంటున్న. ఇందుల డిజైన్ ఏమున్నదో నాకు తెల్వది. దొర ముద్ర గోడ మీద ఉన్నప్పుడు భయం, దొర పోయినంక అదే ముద్ర జెండా మీదికెక్కితే హెరిటేజ్. మా తాతలు దొర గడీ ముంగట చెప్పులు చేతుల పట్టుకోని నడిచిన్రు. ఆ గడీ మీద గుర్తు తెచ్చి మా ఊరి జెండా అంటే నేనైతే ఎక్కనియ్య. మీరు గుండ్రం బాగుంది, గీత బాగుంది అని మార్కులేస్తున్రు.

నగోయా_నాని

అన్నా ఇది జపాన్ అన్నా, తెలంగాణ కాదు. ఇక్కడ 1871లోనే సంస్థానాలు రద్దు చేశారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకి హిరోసాకి వాళ్లు ఇష్టపడే పెట్టుకున్నారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ప్రతిదాన్నీ దొర, గడీ అంటే ఎలా?

ఊరోడు_72

ఇష్టపడి పెట్టుకున్నది ఎవరు? 1900ల ఓటు హక్కు ఎవలికున్నది ఆడ?

లక్ష్మి_టోక్యో

పన్ను కట్టే మగవాళ్లకే ఉండేది. మగవాళ్లందరికీ వచ్చింది 1925 చట్టంతో, ఆడవాళ్లకి యుద్ధం అయ్యాక.

ఊరోడు_72

ఇగ చూడు.

పిక్సెల్_పంతులు

అయ్యా, టాపిక్ డిజైన్. గుర్తు ఎక్కడ్నుంచి వచ్చిందో తర్వాత, జెండాగా పనిచేస్తుందా లేదా? హిరోసాకి మాంజి నా లెక్కలో నూటికి నూరు, అక్షరం లేదు, ఒకే రంగు, దూరం నుంచి కనిపిస్తుంది. భామ గారి సమస్య వేరే.

చాయ్_బిస్కెట్

2024లో మన రాజముద్ర మార్పు గొడవ మళ్లీ మొదలైందా ఇక్కడ? కాకతీయ తోరణం, చార్మినార్, రాచరికం...

మోడరేటర్

ఇక్కడి పార్టీల రాజకీయం తేకండి. జపాన్ మీద ఉండండి.

ఊరోడు_72

జపాన్ మీదనే ఉంటా. మేడమ్, ఊర్లు కలిపినప్పుడు జెండాలు ఏమైతయి? సైతామాది చెప్పిన్రు కదా, మూడు ఊర్లు పోయినయ్ అని. చిన్న ఊర్లయి ఏమైనయి?

లక్ష్మి_టోక్యో

ఇది కొంచెం పెద్ద కథండీ. జపాన్‌లో ఊళ్లని కలిపెయ్యడం మూడు దఫాలుగా జరిగింది. మొదటిది 1888-89లో, 71,314 ఊళ్లు 15,859 అయ్యాయి, ఒక్కో ఊరికి 300 నుంచి 500 ఇళ్లు ఉండాలని లెక్క పెట్టి కలిపారు. రెండోది 1953 నుంచి 1961, ఒక మిడిల్ స్కూల్ నడపాలంటే కనీసం 8,000 జనం కావాలని, 9,868 కాస్తా 3,472 అయ్యాయి. మూడోది మనం చూసిందే, హేసేయ్ విలీనం (అప్పటి చక్రవర్తి శకం పేరు హేసేయ్), 1999లో 3,232 ఉంటే 2010కి 1,727 మిగిలాయి. ఒప్పుకున్న ఊళ్లకి అప్పు తెచ్చుకోడానికి ప్రత్యేక బాండ్లు ఇచ్చారు, తిరిగి కట్టేదాంట్లో 70 శాతం కేంద్రం భరించేలా. గడువు దగ్గరపడేసరికి పోటీ పడి కలిసిపోయారు.

పద్ధతులు రెండు. పెద్ద ఊరు చిన్న ఊరిని కలుపుకోవడం ఒకటి, అందులో పెద్ద ఊరి జెండా అలాగే ఉంటుంది, చిన్నది పోతుంది. రెండోది అన్ని ఊళ్లూ కాగితం మీద రద్దయి కొత్త ఊరు పుట్టడం. అప్పుడు అందరి జెండాలూ పోతాయి, సాధారణంగా కొత్త గుర్తుకి పోటీ పెడతారు. 1963లో ఐదు సిటీలు కలిసి కితాక్యూషూ అయినప్పుడు మధ్యలో ఉత్తరం అనే కాంజీ పెట్టి చుట్టూ ఐదు ఊళ్లకి ఐదు భాగాలు ఇచ్చారు. అది కాస్త మర్యాదైన పద్ధతి.

నగోయా_నాని

అదే చెప్తున్నా, మర్యాద! ఊరు రద్దయ్యే ముందు ముగింపు సభ పెడతారు. స్కూలు పిల్లలు పాట పాడతారు, మేయర్ మాట్లాడతాడు, ఊరి జెండాని నెమ్మదిగా దించి మడతపెట్టి అందిస్తారు. వీడియోలు ఉన్నాయి, చూస్తే ఏడుపొస్తుంది. మన దగ్గర ఏమవుతుంది? రాత్రికి రాత్రి జీవో వస్తుంది, పొద్దున బోర్డు మారుతుంది. జపాన్‌లో ఐతే చివరి రోజు దాకా గౌరవం ఇస్తారు.

ఊరోడు_72

మర్యాదగ దించితే చచ్చింది బతుకుతదా?

నగోయా_నాని

అన్నా నేను ఆ ఉద్దేశంతో అనలేదు

ఊరోడు_72

నువ్వు ప్రతి థ్రెడ్ల గిదే అంటవ్ తమ్మీ. జపాన్ల ఐతే ట్రైన్ టైముకొస్తది, జపాన్ల ఐతే రోడ్డు మీద చెత్త ఉండది, ఇప్పుడు జపాన్ల ఐతే ఊరిని గూడ మంచిగ చంపుతరు. నీకు జెండా కాదు కావాల్సింది, ఇక్కడ ఏదీ సక్కగ లేదు అని చెప్పుడు కావాలె.

మా ఊరిని మునిసిపాలిటీల కలిపిన్రు. గ్రామసభ పెట్టి అడిగిన్రా అంటే లేదు. పంచాయతీ ఆఫీసు వార్డు ఆఫీసైంది. ఇంటి పన్ను పెరిగింది. ఉపాధి హామీ పని బందైంది, ఎందుకంటే ఇప్పుడు మాది టౌనట, టౌనోళ్లకు ఆ పని ఉండదట. పొలం గట్టు మీద నిలబడ్డోడు టౌనోడు ఎట్లైతడు? మా ఊరికి జెండా లేకుండె, ఒక గుండ్రటి రబ్బరు ముద్ర ఉండె, అది గూడ తీస్కపోయిన్రు. నువ్వు సభ పెట్టి పాట పాడి దించిన్రు అంటవ్. పాట పాడి దించినోళ్లకు ఆ బాండు పైసలు వచ్చినయ్, ఆ ఊరు మాత్రం పోయింది. రెండింటికి ఫరక్ ఏంది?

సత్తిబాబు_కాకినాడ

బాగా అడిగారు అన్నా

నగోయా_నాని

ఫరక్ ఉంది. ఇక్కడ కౌన్సిల్ ఓటు వేస్తుంది, చాలా చోట్ల జనం ఓటు కూడా పెట్టారు. 2005లో మా ప్రిఫెక్చర్ ఆయిచీలోనే మిహామా, మినామిచితా అని రెండు టౌన్లు కలుద్దామనుకున్నాయి, పక్కనున్న ఎయిర్‌పోర్ట్ పేరు మీద "మినామి సెంట్రెయిర్" అని ఊరి పేరు పెడదామన్నారు. జనం ఓటు పెడితే మొత్తం విలీనమే ఎగిరిపోయింది. రెండు టౌన్లూ ఇప్పటికీ ఉన్నాయి, రెండు జెండాలూ ఉన్నాయి. మన దగ్గర అలా ఆపగలిగారా ఎవరైనా? నేను పోలిస్తే తప్పేంటి? పోల్చకపోతే ఎలా తెలుస్తుంది ఏం అడగాలో?

నేను ఇండియాని తిడతానని మీరు ముందే డిసైడ్ అయిపోయారు. ఇక్కడ పరాయివాడిలా బతకడం ఎలా ఉంటుందో మీకు తెలీదు. ఊరి పండగలో ఊరి గుర్తు ఉన్న హప్పీ కోటు నాకూ ఇచ్చారు, అది వేసుకున్న రోజు మాత్రం నేనూ ఈ ఊరివాణ్ణే అనిపించింది. అందుకు ఇష్టం నాకు ఈ గుర్తులంటే. దొరలు, గడీలు నాకు తెలీదు.

పిక్సెల్_పంతులు

జనం గొడవపడింది పేరు కోసం బ్రో, జెండా కోసం కాదు. చిబాలో "పసిఫిక్ మహాసముద్రం" అని ఊరికి పేరు పెడదామంటే జనం నవ్వారు, తిట్టారు, చివరికి సమ్ము అని పెట్టుకున్నారు. మా జెండా తీసెయ్యొద్దు అని విలీనం ఆపిన ఊరు ఒక్కటి చూపించు. ఉండదు. ఎందుకంటే లెటర్‌హెడ్ కోసం ఎవడూ ధర్నా చెయ్యడు. మంచి డిజైన్ అయ్యుంటే జనం పట్టుకునేవాళ్లు.

లక్ష్మి_టోక్యో

పంతులు గారూ, అది మాత్రం అన్యాయం. ఫుకుషిమాలో యమత్సురి అనే టౌన్ ఉంది, 2001 అక్టోబర్‌లో మేం ఎవరితోనూ కలవం అని కౌన్సిల్ ప్రకటన చేసింది. అందులో ఏం రాశారంటే, 1950ల విలీనంలో ఊళ్లో రక్తం చిందేంత గొడవలయ్యాయి, నలభై ఏళ్లయినా ఆ కక్షలు తీరలేదు, మళ్లీ ఆ పని చెయ్యం అని. జెండా కోసం కాదు, నిజమే. కానీ ఊరు నిలబడింది కాబట్టి జెండా నిలబడింది. డిజైన్ బాగుంటే ఊరు బతుకుతుందా? ఊరు బతికితే ఎంత చెత్త డిజైనైనా ఎగురుతుంది. మీరు తలకిందులుగా చూస్తున్నారు.

బెర్లిన్_భామ

అంటే హిరోసాకి మార్చకూడదు అంటారా చివరికి? నా ప్రశ్నకి జవాబు రాలేదు

లక్ష్మి_టోక్యో

మీ ప్రశ్నకీ ఊరోడు గారి ప్రశ్నకీ కలిపి జవాబు ఉందండీ. హిరోసాకి కూడా విలీనమైంది, 2006 ఫిబ్రవరిలో. పక్కనున్న ఇవాకి టౌన్, సోమా విలేజ్, హిరోసాకి సిటీ, మూడూ కాగితం మీద సమానంగా రద్దయి కొత్త హిరోసాకి పుట్టింది. నేను ఇందాక చెప్పిన రెండో పద్ధతి. అయినా కొత్త ఊరి జెండా మీదికి వచ్చింది మళ్లీ అదే మాంజి.

ఊరోడు_72

ఇవాకిది, సోమాది?

లక్ష్మి_టోక్యో

లేవు.

ఊరోడు_72

నాకు కావాల్సింది ఇదే మేడమ్. బెర్లినోళ్లకు బాధైతది, మ్యాపుల తియ్యాల్నా వద్దా అని దేశమంత మాట్లాడిన్రు. యాపిల్ తోటల మధ్యల ఉన్న సోమా అనే ఊరు జెండా పోతే ఈ థ్రెడ్లనే ఇప్పుడు మీరు చెప్తే తెలిసింది. దొర ముద్రకు ఊర్లు పోయినా చావు లేదు. జనం పోటీ పెట్టుకోని ఎంచుకున్న ముద్రలు పదిహేను వందల ఊర్లయి పోయినయ్. అందమైనయే మిగిలినయా, బలం ఉన్నోళ్లయి మిగిలినయా?

నగోయా_నాని

అన్ని ఊళ్లలో పోటీ పెట్టి ఎంచుకోలేదు అన్నా, కొన్ని చోట్ల మేయర్లూ కౌన్సిలే పెట్టేశారు. కానీ సరే, మీరు అడిగేది నాకు ఇప్పుడు అర్థమైంది. నాదొక మాట. 2005లో తోయోతా సిటీ ఆరు ఊళ్లని కలుపుకుంది, అసుకె, ఇనాబు, అసాహి, షిమొయామా, ఫుజివోకా, ఒబారా. ఆ తోయోతాకే 1959 దాకా కొరొమో అని పేరు, కంపెనీ పేరు పెట్టేసుకున్నారు. అయినా అసుకె వెళ్తే అసుకె అనే అంటారు, శరదృతువులో కోరాంకెయ్ ఎర్ర ఆకులు చూడ్డానికి వచ్చేవాళ్లు అసుకెకే వస్తారు, తోయోతాకి వస్తున్నాం అనుకోరు. ఇలా కలిసిపోయిన ఊళ్ల వీధుల్లో పాత గుర్తులున్న మ్యాన్‌హోల్ మూతలు ఇంకా దొరుకుతాయి, ఇనుము కదా, అరిగేదాకా మార్చరు. జెండా పోతే అంతా పోయినట్టు కాదు అంటున్నా.

చాయ్_బిస్కెట్

మొత్తానికి డ్రైనేజీ దగ్గరికే వచ్చాం

ఊరోడు_72

మూత మీద మిగిలింది నడిచేటోళ్ల కాళ్ల కింద ఉంటది తమ్మీ. స్తంభం మీద ఎవలిది ఉన్నదో అదే నేను అడుగుతున్న.

పిక్సెల్_పంతులు

నేను ఒక మాట అంటా, తిట్టకండి. హేసేయ్‌లో వచ్చిన మెలికల ఇంగ్లీషు అక్షరాలన్నీ అలా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతోంది. మూడు ఊళ్లు కలిస్తే ఏ ఊరి గుర్తు పెట్టినా మిగతా రెండూ ఒప్పుకోవు, కాబట్టి ఎవరికీ చెందనిది పెడతారు. డిజైనర్ చేతకానితనం కాదు, కమిటీ భయం. నా ఆకు బొమ్మకి జరిగిందే. కానీ దాన్నుంచి దొర ముద్ర తీసెయ్యాలి అని ఎలా వస్తుంది? కితాక్యూషూలా ఐదు భాగాలు పెట్టండి, సోమాకో గీత, ఇవాకికో గీత.

ఊరోడు_72

తీసెయ్యమని నేను ఎక్కడన్నా అన్ననా? ఎవలు ఓటేసిన్రు అని అడిగిన. మీకు గీత ఎక్కడ పెట్టాలె అన్నదే కనిపిస్తది.

పిక్సెల్_పంతులు

నా పని అదే కదన్నా. పోనీ మీ ఊరికి గుర్తు కావాలంటే చెప్పండి, ఊరికే గీసిస్తా. ఒక్కటే కండిషన్, అక్షరాలు ఉండవు.

ఊరోడు_72

పేరు లేకుంటే అది మా ఊరిదని ఎవలికి తెలుస్తది? ఇప్పటికే బోర్డు మీద లేదు, కాగితం మీద లేదు. మీరు దాని మీద గూడ తీసేస్తరా?

లక్ష్మి_టోక్యో

ఊరోడు గారూ, సోమా పాత గుర్తు ఎవరు ఎంచారో, ఎప్పుడు పెట్టారో అక్కడి లైబ్రరీకి జపనీస్‌లో ఉత్తరం రాసి అడుగుతా. 2006లో మాంజి మీద ఓటు ఎలా జరిగిందో కౌన్సిల్ రికార్డుల్లో ఉండాలి, అది కూడా. జవాబొస్తే ఇక్కడే పెడతా.

ఊరోడు_72

సోమా నుంచి ఎంతమంది కౌన్సిల్ల కూసున్నరో అది గూడ అడుగున్రి మేడమ్.